వేసవి సెలవుల్లో పిల్లలకు మాంసకృత్తులు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీధి దీపాలు, కాలువల పూడికతీత, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి విడిగా చదువుతారు. నేను ఈ నివేదికను ఒక్క పనికే కేటాయిస్తున్నాను.

ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరంలోని మన ఊరి పిల్లలకు మాంసకృత్తులు (ప్రోటీన్లు) ముఖ్యంగా ఇంట్లో వండే చేపల నుంచి, బడిలో పెట్టే కోడిగుడ్డు నుంచి అందుతున్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు వస్తాయి గానీ, ఏప్రిల్ చివరి వారంలో బడి మూసేస్తే మళ్ళీ జూన్ రెండో వారం దాకా అదీ ఉండదు. వేట ఆగి ఇంట్లో రాబడి తగ్గిన రోజుల్లోనే బడి గుడ్డు కూడా ఆగిపోతోందని, అప్పుడు పిల్లలు చారన్నంతో సరిపెట్టుకుంటున్నారని ఒక తల్లి చెప్పేదాకా మన సంఘం గమనించకపోవడం నన్ను బాధించింది.

సెలవుల మొదట్లో జరిగిన సమావేశంలో కొందరు సభ్యులు ప్రోటీన్ పొడి డబ్బాలు పంచుదామని సూచించారు. వారిది మంచి ఉద్దేశమే అయినా, లెక్క చూస్తే ఆ అవసరం కనబడలేదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 16 గ్రాములు, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ బిడ్డకు 23 గ్రాముల మాంసకృత్తులు చాలు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు కందిపప్పులో మరో ఆరు, గ్లాసు పాలలో ఇంకో ఆరు ఉంటాయి; రోజంతా తినే అన్నం నుంచి పది గ్రాములకు పైగా వస్తుంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతాయి; వాటిలో లైసిన్ అనేది అన్నంలో తక్కువ, మిథియోనిన్ అనేది పప్పులో తక్కువ కనుక రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మన పెద్దల పెసర పులగం, కందిపొడి అన్నం చేసే మేలు ఇదే.

అందువల్ల డబ్బాలకు అనుకున్న సొమ్ముతో సెలవుల్లో సాయంత్రం పూట కమ్యూనిటీ హాలు వరండాలో శనగ గుగ్గిళ్ళు, వేరుశనగ ఉండలు, రోజు విడిచి రోజు ఉడికించిన గుడ్డు పెట్టాము. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలకు గుగ్గిళ్ళు రెట్టింపు ఇచ్చాము. శనగలు మన జిల్లా పంటే కాబట్టి ఖర్చు తేలిగ్గానే అయింది. ఎండు నెత్తళ్ళను (చిన్న చేపలను) బాగా నానబెట్టి, రెండు మూడు నీళ్ళలో కడిగి ఉప్పు తగ్గించి వండే పద్ధతిని మన అక్కలే వచ్చి తల్లులకు చూపించారు. నీరు ఇంకిపోవడం వల్ల ఎండు చేపలో మాంసకృత్తులు చిక్కబడతాయి, కానీ ఉప్పూ అంతే ఎక్కువ.

ఒక విషయంలో మాత్రం తల్లులకు గట్టిగా చెప్పవలసి వచ్చింది. బిడ్డ కడుపు నిండకుండా గుడ్డు ఒక్కటే పెడితే, ఆ మాంసకృత్తులు ఎదుగుదలకు కాక శక్తి కోసమే ఖర్చయిపోతాయి. పిల్లల పోషణ లోపానికి మాంసకృత్తుల కొరత ఒక్కటే కారణం కాదని, మొత్తం తిండి చాలకపోవడమే అసలు మూలమని పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ ఏనాడో వాదించారు. అందుకే గుగ్గిళ్ళ తాలింపులో శక్తినిచ్చే నూనె తగ్గించవద్దని వంట చేసేవారిని కోరాము.

మన ప్రయత్నం అందరికీ అందలేదు. ఉప్పు మడుల్లో పనికి తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లలు సాయంత్రానికి ఊరు చేరలేక ఒక్క రోజూ రాలేదు. తిండి చాలనిది ముఖ్యంగా వారికే. వచ్చే వేసవిలో మడుల దగ్గరికే గుగ్గిళ్ళు, గుడ్లు తీసుకువెళ్ళడానికి ఒక ఆటో బాడుగ, రెండు మూతల గిన్నెలు కావాలి. ఏప్రిల్ 15 లోపే ఈ ఖర్చును ఆమోదిస్తూ తీర్మానం చేయవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి