మా అమ్మమ్మ అసలు వయసు

ఒరేయ్ చంటిగా,

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. కానీ నువ్వు మధ్యలో అడ్డుపడి కథంతా పాడుచేస్తావు. అందుకే ఉత్తరం.

పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అమ్మమ్మ ట్రంకుపెట్టె బయటపడింది. అడుగున రెండు చీరలు, ఒక కుంకుమభరిణె, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. మడతల దగ్గర చిరిగింది. అంతా ఫ్రెంచిలో, తీగలు పాకినట్టున్న చేతిరాత. అడుగున మాత్రం ముత్తాత సంతకం మన తెలుగులోనే, గొలుసుకట్టులో ఉంది. అంత ఫ్రెంచి మధ్యలో ఆ సంతకం చూస్తే నాకెందుకో భలే ముచ్చటేసింది.

అది అమ్మమ్మ జననపత్రం. నీకు తెలుసుగా, ఆవిడ పుట్టిల్లు యానాం. మనం కాలేజీ రోజుల్లో పంటు మీద గౌతమి దాటి ఎందుకు వెళ్లేవాళ్లమో ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది. ఆ ఊరు 18వ శతాబ్దం నుంచి ఫ్రెంచివాళ్లది. మధ్యలో ఇంగ్లీషువాళ్లు లాక్కోవడం, మళ్లీ ఇచ్చేయడం చాలాసార్లే జరిగింది. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. పొలిమేర దాటితే అటు నీలపల్లి, ఇంజరం ఇంగ్లీషువాళ్లవి.

సంవత్సరం అంకెల్లో లేదు, అక్షరాల్లో రాశారు. ఫోన్‌లో పెట్టి చదివించాను. 'మిల్ నఫ్ సాం వేం త్రువా' అంది. అంటే 1923. నెల మార్చి.

ఇప్పుడు లెక్కేసుకో. అమ్మమ్మ పెళ్లి లగ్నపత్రిక మా దగ్గరుంది. 1934 వైశాఖం. ఆవిడ చచ్చేదాకా చెప్పిన మాటేంటి? "నాకు పద్నాలుగేళ్లు నిండాక పెళ్లయిందిరా." పద్నాలుగు కాదురా, పదకొండు!

మా అమ్మ నమ్మలేదు. నేను కూడా కాసేపు కాగితమే తప్పేమో అనుకున్నాను. తర్వాత వెలిగింది, ఆ పద్నాలుగు ఎక్కడిదో. శారదా చట్టంలోది! 1929లో చేశారు, 1930 ఏప్రిల్ నుంచి అమలు. బ్రిటిష్ ఇండియాలో ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. యానాం ఫ్రెంచి ఇలాకా కాబట్టి ఆ చట్టం అక్కడ చెల్లదు. దాంతో చుట్టుపక్కల బ్రిటిష్ ఊళ్లలోని పిల్లల పెళ్లిళ్లన్నీ యానాంకి తరలాయి. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది.

మా తాతయ్యది ముమ్మిడివరం వైపు. ఆయనకప్పుడు పదిహేడు. అంటే ఇద్దరూ చట్టానికి చిక్కేవాళ్లే. మగపెళ్లివారు నావ మీద గౌతమి దాటి వచ్చారట. ఆ రోజు ఒకే ముహూర్తానికి వీధిలో నాలుగు పందిళ్లు, నాలుగు సన్నాయిలు, ఎవరి మేళం ఎవరిదో తెలియని గోల. తాతయ్య మేనమామ ఒకాయన పొరపాటున పక్క పందిట్లో కూర్చుని ఉప్మా తిని, పెళ్లికూతుర్ని చూసి "మన పిల్ల కాదే" అన్నాడట. ఈ కథ అమ్మమ్మ వందసార్లు చెప్పింది. బుట్టలో కూర్చోబెట్టి తెస్తుంటే నిద్రపోయానని కూడా చెప్పేది. పద్నాలుగేళ్ల పిల్ల బుట్టలో నిద్రపోతుందా అని మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు చూడు.

ఇంకోటి కూడా చెప్పేది. అత్తారింటికి వెళ్లేటప్పుడు నావలో మామగారు ఎదురుగా కూర్చుని, "ఎవరడిగినా పద్నాలుగు అనాలమ్మా" అని అవతలి ఒడ్డు వచ్చేదాకా వల్లె వేయించారట. మేమంతా నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వు రావట్లేదురా. ఎవరు అడుగుతారోనని భయపడుతూ నావ దిగిన పదకొండేళ్ల పిల్ల కనిపిస్తోంది. ఆ పిల్ల కోసం చేసిన చట్టమే ఆ పిల్లకి అబద్ధం నేర్పింది. జీవితాంతం ఎవరూ అడగలేదు, అయినా ఆవిడ మార్చి చెప్పలేదు. ఓటరు లిస్టులోనూ అదే లెక్క.

పుట్టింట్లో మాత్రం అన్నిటికీ కాగితాలే. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు, చట్టప్రకారం అప్పగింత పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16. ఫ్రెంచి పౌరులుగానే ఉండాలనుకునేవాళ్లు ఆరు నెలల్లో రాసివ్వాలన్నారు. అమ్మమ్మ తమ్ముడు ఆ ఆరు నెలలూ రాస్తానంటూ, మానేస్తానంటూ తిరిగి చివరికి ఊరుకున్నాడు. లేకపోతే మనకి పారిస్‌లో చుట్టాలుండేవాళ్లు, టికెట్టు ఖర్చు మాత్రం నీదే.

అసలు సంగతి ఇప్పుడు విను. 2001లో మేం సహస్ర చంద్ర దర్శనం చేశాం, గుర్తుందా? నువ్వు వడ్డన చేశావు, పులిహోర నా పంచె మీద పోశావు. 81 అనుకుని చేశాం. ఆవిడకి 78! వెయ్యి పున్నములకి ఇంకా ముప్పై పైచిలుకు బాకీ ఉండగా పీటల మీద కూర్చోబెట్టేశాం. హారతి ఇస్తుంటే అమ్మమ్మ ముసిముసిగా నవ్వింది. సంతోషం అనుకున్నాం.

అమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోవట్లేదు. "ఫ్రెంచివాళ్లకి మన నెలలు ఏం తెలుసు" అంటోంది. నువ్వు సంక్రాంతికి వస్తావుగా, ఆ రోజు తీసిన ఫోటోలు మీ ఇంట్లో ఉంటే తీసుకురా. హారతి పట్టుకున్న ఫోటో ఒకటి ఉండాలి. ఆవిడ ముఖం ఇంకోసారి సరిగ్గా చూడాలి.

ఉంటానురా,
నీ సూరిగాడు