ఐదేళ్ల తర్వాత ఎవరూ అడగరు

సంపాదకుడికి,

అయ్యా,

సెప్టెంబరు 22న ప్రపంచ దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) దినోత్సవం సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల ఈ జబ్బు వస్తుంది కాబట్టి ఆ తేదీని ఎంచుకున్నారన్న విశేషం బాగుంది. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక చాలామంది రోగుల ఆయుర్దాయం దాదాపు అందరితో సమానమైందన్నదీ నిజమే. ఆ ఆయుష్షు ఎలా గడుస్తోందన్న ఊసు మాత్రం పేజీలో ఏ మూలా కనబడలేదు.

ఆ మాత్ర రోజూ వేసుకునేవారిలో చాలామందికి అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తాయి, కళ్ల చుట్టూ ఉబ్బుతుంది, ఎంత పడుకున్నా నీరసం తీరదు. ప్రాణం తీసేవి కావు గనుక ఇవి వార్తలు కావు కాబోలు. మందు ఆపి చూడవచ్చా అంటే, ఏళ్ల తరబడి వ్యాధి జాడ దాదాపు కనబడని కొందరికే ఆ వీలుంది. వాళ్లలోనూ సుమారు సగం మందికి జబ్బు మళ్లీ తలెత్తుతుంది.

నాకు వచ్చింది వేరే రకం, లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అప్పట్లో ఎక్కించిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు పుణ్యమా అని వేలికొసలు ఇప్పటికీ మొద్దుబారే ఉన్నాయి. చొక్కా మెడగుండీ పెట్టుకోవాలంటే అద్దం ముందు నిలబడాల్సిందే, వేళ్లకు దాని జాడ తెలియదు. చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేస్తే గానీ తెలియదు. ఏటా పరీక్షకు వెళ్తే డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, ఫైల్లో ‘ఇబ్బందులేమీ లేవు’ అని రాసేస్తారు. అడిగితే కదా ఉన్నాయో లేవో తెలిసేది! అడగడానికి సాధనాలు లేవా అంటే, ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ 30 ప్రశ్నల పత్రం ఎప్పుడో తయారుచేసింది. నిద్ర, నీరసం, జ్ఞాపకశక్తి, డబ్బు ఇబ్బందులు, అన్నీ అందులో ఉన్నాయి. నింపడానికి పావుగంట చాలు.

ఇదంతా గొణుగుడే అనుకుంటే అసలు ప్రమాదం వినండి. డాక్సోరూబిసిన్ అనే మరో క్యాన్సర్ మందు మొత్తం మోతాదు పెరిగేకొద్దీ, ఏళ్లు గడిచాక గుండె బలహీనపడే ముప్పు పెరుగుతుంది. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు చిన్న వయసులో ఛాతీపై రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ పరీక్షలు మిగతావారికన్నా చాలా ముందే మొదలుపెట్టాలి. ఈ సంగతి వాళ్లకు ఎవరు చెప్పాలి? చికిత్స ముగిసిన ప్రతి రోగికీ ఏ మందు ఎంత ఇచ్చారో, ఇకపై ఏ పరీక్షలు చేయించుకోవాలో రాసివ్వాలని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే సిఫార్సు చేసింది. నా పాత వివరాలు అడిగితే ఆసుపత్రి వారు మొదట గోదాములో ఉన్నాయన్నారు, తర్వాత అసలు లేవన్నారు.

అధికారులు అవగాహన నడకకు జెండా ఊపి, ఫోటో దిగి, మళ్లీ సెప్టెంబరు దాకా కనబడరు. బీమా దరఖాస్తులో ‘గతంలో క్యాన్సర్ వచ్చిందా’ అన్న గడిలో టిక్కు పెట్టామా, ఇక మమ్మల్ని పాత నేరస్తులను చూసినట్టు చూస్తారు. ఫ్రాన్స్‌లో 2016 నుంచే చట్టముంది. చికిత్స ముగిసి, జబ్బు తిరగబెట్టకుండా నిర్ణీత కాలం గడిస్తే, అప్పు కోసం తీసుకునే బీమాకు పాత క్యాన్సర్ గురించి చెప్పనక్కర్లేదు. మొదట పదేళ్లన్న ఆ గడువును 2022లో ఐదేళ్లకు తగ్గించారు కూడా. ఇలాంటిది మిగతాచోట్ల చేయడానికి పరిశోధనలేమీ అక్కర్లేదు, ఒక సంతకం చాలదా?

ఎందరు బతికారంటూ మీరు వేసిన లెక్కలన్నీ ఐదేళ్ల దగ్గరే ఆగిపోయాయి. వచ్చే సెప్టెంబరులో పదేళ్లు, ఇరవయ్యేళ్లు దాటినవారిని కూడా పలకరించండి. చోటు చాలదంటారేమో, అదే పేజీలో సగం ఆక్రమించిన ఆసుపత్రి ప్రకటనను కాస్త కుదించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు