కంటి ఆపరేషన్ల బస్సు క్యాంపు: వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు

అందరికీ నమస్కారం. మన ఊళ్ళో బస్సులోనే కంటి శుక్లాల ఆపరేషన్లు చేయించిన క్యాంపు అయిపోయి రెండు నెలలు కావస్తోంది, లెక్క ఇంకా చెప్పలేదేంటని నలుగురూ అడుగుతున్నారు, అడగాల్సిందే. కళ్ళజోళ్ళ బిల్లు మొన్న శనివారమే చేతికొచ్చింది, అది రాకముందే లెక్క మూస్తే మళ్ళీ తెరవాల్సి వచ్చేది, అందుకే ఆగాం. కమిటీ తరఫున ఇది రాస్తున్నది పద్దులు పట్టుకున్న నేనే కాబట్టి తప్పులుంటే నన్నే అడగండి.

టీ కొట్టు దగ్గర నా చెవినే పడిన మాట ఒకటుంది. "ఆపరేషన్లు ఫ్రీ అన్నారు, డాక్టర్లు డబ్బు తీసుకోలేదన్నారు, మరి ఐదు లక్షల ఎనభై వేలు దేనికైనట్టు?" న్యాయమైన ప్రశ్నే. డాక్టరు కత్తి పట్టుకోవడానికి డబ్బు తీసుకోలేదు. ఆ కత్తి మన ఊళ్ళో పట్టుకోగలిగేలా చేయడానికి అయిన ఖర్చే ఇదంతా.

ముందు జమ. ఊళ్ళో 214 ఇళ్ళ నుంచి 1,86,400 రూపాయలు వచ్చాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో పనులు చేసుకుంటున్న మనవాళ్ళు ఫోన్‌పేలో, గూగుల్ పేలో పంపినవి 2,31,000, వీటిలో 200 రూపాయలవి కూడా చాలా ఉన్నాయి, అవి పంపినవాళ్ళ రోజు కూలి ఎంతో మాకు తెలుసు. కువైట్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళవి 1,45,000. శ్రీరామనవమి కమిటీ వాళ్ళు తమ దగ్గర మిగిలిన 25,000 ఇచ్చారు. బ్యాంకు వడ్డీ 612. మొత్తం 5,88,012. ఆరు బస్తాల బియ్యం, కూరగాయలు, కల్యాణ మండపం ఉచితంగా వచ్చాయి, వాటికి విలువ కట్టి ఇందులో కలపలేదు. ఇస్తామని చెప్పి ఇవ్వని మూడు ఇళ్ళున్నాయి, పేర్లు రాయం, వాళ్ళ ఇళ్ళలోనూ ఇద్దరికి ఆపరేషన్ అయింది, సంతోషం.

అమెరికా డబ్బు గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఒకాయన మనసు కష్టపెట్టుకున్నారు. ఆయన 50,000 పంపితే మేం వెనక్కి పంపాం. కారణం ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు విదేశంలో సంపాదించుకున్నది బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, మన ప్రభుత్వం అలాంటివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళం కిందికే వస్తుంది, మన కమిటీకి ఆ రిజిస్ట్రేషన్ లేదు. ఊరి మీద ప్రేమ వేరు, చట్టం వేరు. తర్వాత ఆయన ఆ రిజిస్ట్రేషన్ ఉన్న ఆసుపత్రి ట్రస్టుకే నేరుగా పంపుకున్నారు, అందుకే మన లెక్కలో ఆ డబ్బు కనిపించదు. అలాగే ఆదాయపు పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదు అడిగినవాళ్ళకి మళ్ళీ చెప్తున్నాం, మనకు అదీ లేదు, మామూలు రసీదే.

ఇక అసలు ప్రశ్న, బస్సే ఎందుకు? ఎప్పట్లాగే పేర్లు రాసుకుని పట్నం పంపితే సరిపోయేది కదా అని. నాలుగేళ్ళు అలాగే పంపాం. ఆ పట్నం ఆసుపత్రిలో ఉచితంగా చేసే వాళ్ళకి టేబుళ్ళు తక్కువ, మన వంతుకు పదిహేను రోజులకు ఒకసారి ఇరవై మందికి చోటు దొరికేది. నలభై పేర్లు రాస్తే బండి ఎక్కే టైముకి సగం మంది ఉండరు. తోడు వచ్చే కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, ముసలమ్మ ఒక్కతే ఎలా వెళ్తుంది? పోనీ స్కూల్లో టెంట్ వేసి చేయిద్దామా అంటే అది కుదరదు, కుదరకూడదు కూడా. 2014లో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో ఒక క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చూపు పోగొట్టుకున్న సంగతి గుర్తుందిగా. థియేటర్ అంటే థియేటరే ఉండాలి.

థియేటర్‌నే జనం దగ్గరికి నడిపించడం కొత్తేం కాదు. 1991 నుంచి లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెల్లో ఆపరేషన్లు చేస్తోంది. కళ్ళకి రెండు బస్సుల పద్ధతిని చెన్నై శంకర నేత్రాలయ వాళ్ళు ఐఐటీ మద్రాసుతో కలిసి తయారు చేశారు, ఒక బస్సులో రోగిని సిద్ధం చేస్తారు, రెండో దాంట్లో ఆపరేషన్. మన దగ్గరికి వచ్చింది వేరే ట్రస్టు ఆసుపత్రి, పద్ధతి అదే. ఆసుపత్రి వాళ్ళకి కూడా ఇది లాభమే, కొత్త భవనం కట్టకుండా, స్థలం కొనకుండా రెండు టేబుళ్ళు పెరుగుతాయి. అయితే మాకు తర్వాత అర్థమైందేంటంటే, బస్సు టేబుల్‌ని పెంచుతుంది గానీ డాక్టర్‌ని పెంచదు. మన దగ్గర నాలుగు రోజులు ఉన్న ఇద్దరు డాక్టర్లు, నర్సులు అక్కడి పని ఆపుకుని వచ్చినవాళ్ళే. అందుకే మళ్ళీ ఎప్పుడు వస్తారు అంటే తేదీ చెప్పడం లేదు.

ఇప్పుడు ఖర్చు. అందరికీ వింతగా అనిపించేది నేల చదును, 22,100. జేసీబీ 5 గంటలు 6,000, గ్రావెల్ 14 ట్రాక్టర్లు 12,600, రోలర్ 3,500. మట్టి నేలలో బస్సు నిలబడదా అన్నారు. నిలబడుతుంది, కానీ లోపల మైక్రోస్కోప్ కింద కంట్లో పొర తీస్తుంటే బస్సు కొంచెం ఊగినా ప్రమాదమే. అందుకని నాలుగు మూలలా జాకీలు దింపి టైర్ల మీద బరువు లేకుండా లేపుతారు. బస్సులు వచ్చిన రాత్రే వాన పడింది. పదకొండింటికి చూస్తే వెనక ఎడమ జాకీ గ్రావెల్‌లోకి రెండు వేళ్ళు దిగిపోయింది. డ్రైవర్ టార్చి పళ్ళతో పట్టుకుని, మేస్త్రీ తెచ్చిన రసమట్టం బస్సు గచ్చు మీద పెట్టి, తుమ్మ దిమ్మలు ఒకదాని మీద ఒకటి దోపుతూ, ఆ బుడగ మధ్యకి వచ్చేదాకా మమ్మల్ని పడుకోనివ్వలేదు. దిమ్మలకి ఎవరూ డబ్బు తీసుకోలేదు.

కరెంటుకి మొత్తం 67,980. త్రీఫేజ్ తాత్కాలిక కనెక్షన్, కేబుల్, ఎలక్ట్రీషియన్ కలిపి 14,850. కరెంటు పోతే ఏసీ ఆగకూడదు, వడపోసిన గాలి ఆగకూడదు, అందుకే జనరేటర్. మొదటి రోజు అద్దెకి ఇచ్చినతను మాట్లాడుకున్నదాని కంటే చిన్నది పంపాడు, ఏసీలూ, పనిముట్లు ఉడికించే ఆటోక్లేవూ ఒకేసారి వేయగానే ఆగిపోయింది. మైక్రోస్కోప్‌కి యూపీఎస్ ఉంది కాబట్టి టేబుల్ మీదున్న ఆయనకి ఏమీ కాలేదు, మాకు మాత్రం చెమటలు పట్టాయి. సాయంత్రానికి పెద్దది తెప్పించుకుని, ఆ రోజు అద్దె సగమే ఇచ్చాం. అలా నాలుగు రోజులకి రోజుకు 6,500 లెక్కన 22,750 అయింది. డీజిల్ 310 లీటర్లు, 30,380. దీన్ని ముందే చూసుకోకపోవడం మా తప్పు.

నీళ్ళకి 8,400. మన కనిగిరి వైపు బోరు నీళ్ళ ఉప్పదనం వేరే చెప్పాలా, ఆటోక్లేవ్‌లో పోస్తే ఉప్పు పట్టేస్తుందన్నారు, శుద్ధి చేసిన నీళ్ళే తెప్పించాం. బస్సులు, వ్యాను రానూపోనూ డీజిల్ 41,300. ఆసుపత్రికి లెన్సు, మందుల కింద ఒక్కో కంటికి 1,500 చొప్పున 113 కళ్ళకి 1,69,500, చెక్కు ద్వారానే, రసీదు ఉంది. లాడ్జిలో 11 గదులు ఐదు రాత్రులు, 44,000. షామియానా, కుర్చీలు, కూలర్లు, పరుపులకి 38,000. మైకు ఆటోలు, ఫ్లెక్సీలకి 7,500, ఫ్లెక్సీల మీద ఎవరి ఫొటో వేయాలన్న గొడవ మాత్రం ఫ్రీ.

భోజనాలు 1,290 ప్లేట్లు, 75 చొప్పున 96,750. బియ్యం మనవే కాబట్టి ఆ రేటుకి ఒప్పుకున్నాడు. రెండో రోజు మేం ఎక్కువ చెప్పాం, 90 ప్లేట్లు మిగిలిపోయాయి, అంటే 6,750 వృథా. అవి హాస్టల్ పిల్లలకి పంపాం గానీ లెక్కలో వృథా వృథాయే.

బండ్లకి 52,600. చూపు పరీక్షల రోజు ఆటోలు 14,200, ఆపరేషన్ల రోజులు 21,400, వారం తర్వాత చెకప్‌కి 10,000. ఇంకో 7,000 ఒకే కారుకి. ఒక అమ్మకి ఆపరేషన్‌లో కంట్లో లెన్సుని పట్టి ఉంచే లోపలి పొర చిరిగింది, డాక్టర్లు దాచకుండా చెప్పి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు, అదే సాయంత్రం పంపాం. అక్కడ రెండోసారి సరిచేశారు, ఇప్పుడు ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బయట అనుకుంటున్నట్టు కన్ను పోలేదు.

పరీక్షలకి వచ్చింది 612 మంది, ఆపరేషన్ కావాలన్నది 148 మందికి, అయింది 113 మందికి. మిగిలిన 35 మంది ఏమయ్యారంటే, 14 మందికి షుగరో బీపీయో ఎక్కువుంది, తొమ్మిది మందికి బస్సులో కాకుండా పెద్దాసుపత్రిలోనే చేయాలన్నారు, ఒక్క కన్నే ఉన్నవాళ్ళు ఇందులోనే ఉన్నారు. 12 మంది రాలేదు, లేదా వచ్చీ చేయించుకోలేదు. వాళ్ళలో ఒకాయన వంతు వచ్చాక గౌను వేసుకుని, నడుముకున్న వక్కాకు సంచి ఇవ్వమంటే ఇవ్వనని ఇంటికెళ్ళిపోయాడు. ఆ 14 మందికి నెల మందులు, పరీక్షలకి 9,280 పెట్టాం. నల్లద్దాలకి 6,780. చూపు కళ్ళజోళ్ళు 94 మందికి, జత 180 చొప్పున 16,920.

ఖర్చు మొత్తం 5,81,110. అంటే ఒక్కో కంటికి దాదాపు 5,143 పడింది. పట్నం పంపితే తక్కువయ్యేదా అంటే అయ్యేది, నిజమే, కానీ పదిహేను రోజులకి ఇరవై చొప్పున 113 మందికి దాదాపు మూడు నెలలు, అదీ అందరూ బండెక్కితే.

చేతిలో మిగిలింది 6,902. షుగర్ అదుపులోకి వచ్చిన నలుగురిని వచ్చే బుధవారం పెద్దాసుపత్రికి పంపుతున్నాం, బండి ఖర్చు ఇందులోంచే. బిల్లులన్నీ ఒక ఫైలు చేసి పాస్‌బుక్ జెరాక్స్‌తో సహా గ్రంథాలయంలో పెట్టాం, ఎవరైనా చూడొచ్చు, కాయితాలు మాత్రం ఇంటికి పట్టుకెళ్ళొద్దు. వక్కాకు సంచి పెద్దాయన కూడా బుధవారం బండిలో వస్తానంటున్నాడు, సంచి మా దగ్గర పెట్టించి పంపుతాం.