పూలచెట్టా, నీడమొక్కా: తేల్చాల్సింది ఎండే

సంపాదక మహాశయా,

ఒక్క మొక్కకే చోటున్నప్పుడు చిన్న పూలచెట్టు వేయాలా, నీడపట్టున ఏళ్ల తరబడి బతికే దుబ్బుమొక్క నాటాలా అన్న ప్రశ్నకు తోటపని శీర్షికల్లో వచ్చే జవాబులు ఎక్కువగా పూల రంగు, ఆకుల అందం చుట్టూనే తిరుగుతున్నాయి. మన ఇష్టాయిష్టాల కన్నా ముందు ఆ చోట పడే ఎండను లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

దేవగన్నేరు వంటి చిన్నచెట్టు నిండుగా పూయాలంటే రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. అది అందని చోట నాటితే చెట్టు చచ్చిపోకపోయినా, వెలుతురు కోసం సన్నగా సాగిపోయి, పూత అంతంతమాత్రంగానే ఇస్తుంది. ఫెర్న్, పీస్ లిల్లీ వంటి నీడమొక్కలకు ఇందుకు విరుద్ధంగా మధ్యాహ్నపుటెండ తగిలితే ఆకులు మాడిపోతాయి. విరగబూసిన మొక్క కంటబడ్డాక ఈ లెక్కలు ఎవరికీ గుర్తుండవు, అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు.

ఎండను ఒక్కరోజు చూసి నిర్ణయించడం కూడా చాలదు. ఉత్తరాయణ దక్షిణాయనాలతో పాటు గోడ నీడ జరుగుతుంది. పక్కనున్న చెట్టు ఆకు రాల్చిన నెలల్లో ఎండ కాసిన చోటే, అది చిగిర్చాక పూర్తిగా నీడలోకి వెళ్లిపోతుంది. పెద్దచెట్టు కింద నీడ ఉంది కదా అని నీడమొక్క నాటేవారు మరొకటి గమనించాలి: నీటిని పీల్చే సన్నని వేళ్లు చాలావరకు నేల పైపొరలోనే, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి కనుక, అక్కడ నీడ దొరికినా తడి దొరకకపోవచ్చు. అలాంటి చోట లావు వేళ్లను నరకకుండా, వాటి సందుల్లో చిన్న మొక్కలనే నాటి, అవి నిలదొక్కుకునే దాకా విడవకుండా నీళ్లు పెట్టాలి.

ఎంత చూసినా సందేహం తీరకపోతే ముందుగా నీడమొక్కనే నాటమంటాను, ఎందుకంటే దుబ్బును తవ్వి, విడదీసి, మరోచోటికి మార్చుకోవచ్చు గాని వేరూనిన చెట్టును కదపడం దానికీ మనకూ కష్టమే. చోటు ఎర్రటెండలో ఉంటే మాత్రం చెట్టే ముందు. కొన్నేళ్లకు అది పరిచే నీడలో రెండోదానికీ చోటు దొరుకుతుంది.

మీ శీర్షికలో ఏ మొక్కను పరిచయం చేసినా, దానికి ఎన్ని గంటల ఎండ కావాలో, పూర్తిగా ఎదిగాక ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో తప్పక ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు