గంటా నలభై నిమిషాలు తగ్గాయని మా బాబు క్లెయిమ్ ఎలా కొట్టేస్తారు?

కావలి,
21 అక్టోబరు 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
విద్యార్థుల ప్రమాద బీమా విభాగం.

విషయం: స్కూల్లో పడి చెయ్యి విరిగిన మా అబ్బాయి వైద్యఖర్చుల క్లెయిమ్‌ను తిరస్కరిస్తూ మీరు 9 అక్టోబరున పంపిన లేఖపై ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మా అబ్బాయికి ఏడేళ్లు. రెండో తరగతి చదువుతున్నాడు. వాళ్ల స్కూలు మీ కంపెనీ దగ్గర తీసుకున్న గ్రూపు ప్రమాద బీమాలో వాడి పేరు ఉంది. ఆ ప్రీమియం స్కూలు జేబులోంచి కట్టింది కాదు, మేం కట్టింది. యు.కె.జి. నుంచి ఏటా జూన్‌లో ఫీజు రసీదులో "ఇన్సూరెన్స్ 350" అని విడిగా రాసి మా దగ్గర తీసుకున్నారు. 2023, 2024, 2025 రసీదులు మూడూ జతపరిచాను. పిల్లవాడికి స్కూల్లో దెబ్బ తగిలితే రూ. 50,000 వరకు వైద్యఖర్చులు వస్తాయని మీ కంపెనీ ముద్రతోనే ఇంటికి కాగితం పంపారు. అదీ జతలో ఉంది.

జులై 22, మంగళవారం. ఉదయం ఇంటర్వెల్‌లో మా వాడు జారుడుబండ నిచ్చెన ఎక్కుతూ పైనుంచి పడ్డాడు. పైనుంచి రెండో మెట్టు ఒకవైపు వెల్డింగ్ ఊడిపోయి ఉంది. ఆ సాయంత్రమే మా మరిది వెళ్లి ఫొటో తీశాడు. స్కూల్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మిషన్ మీద బ్లౌజు కుడుతున్నాను. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి పరిగెత్తాను. వెళ్లేసరికి అక్కడి ఆయమ్మ వాడి ముంజేతి కింద పరీక్ష అట్ట పెట్టి, తన చున్నీతో మెడకు వేలాడదీసి కట్టి, కదలనివ్వకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. ఆ రోజు మా బిడ్డకు సరైన పని చేసిన మొదటి మనిషి ఆమే. తర్వాత డాక్టరు గారు కూడా ఆ మాటే అన్నారు.

కావలిలో ఎక్స్‌రే తీశారు. మోచేతికి కాస్త పైన ఎముక పూర్తిగా విరిగి వెనక్కి జరిగిందన్నారు. అరచెయ్యి ఆనించి పడ్డ ఈ వయసు పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎముక విరుపు ఇదేనట. మా అత్తమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దాం, ఇప్పుడు బయల్దేరితే రాత్రికల్లా పుత్తూరు చేరతామని అంది. ఆమె మణికట్టు విరిగినప్పుడు అక్కడే బాగైంది, కాబట్టి ఆమె మాట తీసిపారేయడానికి లేదు. కానీ కావలి డాక్టరు మా వాణ్ణి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమన్నారు. వాడు ఏడుస్తూ ప్రయత్నించాడు. రెండు వేళ్ల కొసలూ కలవలేదు. బొటనవేలు కర్రలా నిటారుగానే ఉండిపోయింది. నరం మీద ఒత్తిడి ఉంది, పక్కనే చేతికి రక్తం తీసుకెళ్లే గొట్టం ఉంది, ఆలస్యం చేస్తే చెయ్యి పనికిరాకుండా పోవచ్చు, వెంటనే నెల్లూరు తీసుకెళ్లండి అన్నారు. అప్పటినుంచి ఆపరేషన్ అయ్యేదాకా నేను వాడి వేళ్లు చల్లబడుతున్నాయా అని పట్టుకుని చూస్తూనే ఉన్నాను.

మాకు రైస్ కార్డు ఉంది. అయినా ఆ సమయానికి పిల్లల ఎముకల డాక్టరు అందుబాటులో ఉన్న ఆస్పత్రి ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో లేదు. ఇంకో ఆస్పత్రి వెతికే టైము మాకు లేదు. అడ్వాన్సు కోసం మా ఆయన ముగ్గురికి ఫోన్ చేశారు. మధ్యాహ్నం 3.40కి చేర్చుకున్నారు. ఇంటర్వెల్‌లో బిస్కెట్లు తిన్నాడని మత్తు ఇవ్వడానికి ఆగి, సాయంత్రం 7 గంటలకు పూర్తి మత్తులో ఎముక సరిచేసి, రెండు సన్నటి తీగలు చర్మం కోయకుండానే ఎముకలోకి దింపారు. మర్నాడు మధ్యాహ్నం 2 గంటలకు డాక్టరు వచ్చి వేళ్లు కదిలించి చూసి, వాపు లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. వాణ్ణి భుజాన వేసుకుని వచ్చేశాం. ఆ నిమిషంలో ఏ తల్లైనా గడియారం చూస్తుందా?

మీరు చూశారు. 22 గంటల 20 నిమిషాలే ఆస్పత్రిలో ఉన్నాడు, పాలసీ ప్రకారం 24 గంటలు ఉండాలి, కాబట్టి క్లెయిమ్ చెల్లదు అని మీ లేఖలో మొదటి కారణంగా రాశారు. గంటా నలభై నిమిషాలు తగ్గాయట.

అదే పాలసీలో డే కేర్ చికిత్స అనే నిర్వచనం ఉంది. అది మీరు సొంతంగా రాసుకున్నది కూడా కాదు, బీమా కంపెనీలన్నీ ఒకేలా వాడాలని, వాటిని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఖాయం చేసిన నిర్వచనం. ఆస్పత్రిలో మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్, వైద్యం ముందుకు పోవడం వల్ల 24 గంటల్లోపే ముగిస్తే, లేకపోతే అంతకన్నా ఎక్కువ సేపు ఉండాల్సి వచ్చేదైతే, అది డే కేర్ కిందికే వస్తుంది. ఓపీలో చూసి పంపించేసేవి మాత్రమే రావు. మా వాడికి జరిగింది ఓపీ వైద్యమా? ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, తీగలు, రాత్రంతా వార్డు, అన్నీ డిశ్చార్జి సమ్మరీలో ఉన్నాయి. ఇదే ఆపరేషన్‌ను చర్మం కోసి చేయాల్సి వచ్చి ఉంటే రెండు మూడు రోజులు ఉంచేవాళ్లమని డాక్టరు గారు సంతకంతో రాసి ఇచ్చారు. ఆ ఉత్తరం సెప్టెంబరు 2నే మీకు పంపాను. దాన్ని చదివినట్టు మీ లేఖలో ఒక్క ముక్క లేదు.

రెండో కారణం మరీ బాధ కలిగించింది. ప్రమాదం గురించి 7 రోజుల్లో తెలియజేయలేదని రాశారు. నేను జులై 25నే స్కూల్ ఆఫీసులో ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాను. స్కూలు వాళ్లు దాన్ని మీకు ఆగస్టు 4న పంపారు. అంటే ప్రమాదం జరిగిన మూడో రోజున నేను చెప్పాను, ఆ తర్వాత పది రోజులు కాగితం వాళ్ల బల్ల మీద ఉంది. అందుకు నా కొడుకు ఏం చేశాడు? ఏడు రోజుల గడువు ఉందన్న సంగతి మీరు ఇంటికి పంపిన కాగితంలో లేదు. గ్రూపు పాలసీ అయినా అందులో ఉన్న ప్రతివాళ్లకూ బీమా సర్టిఫికెట్ అందాలి. మూడేళ్లలో మాకు ఒక్కటి అందలేదు. షరతు చూపించకుండా దాచి, షరతు తప్పారని చెప్పడం న్యాయం కాదు.

ఆలస్యమైందనే ఒక్క సాకుతో నిజమైన క్లెయిములను తోసిపుచ్చకూడదని ఐఆర్‌డీఏఐ 20 సెప్టెంబరు 2011 నాడే బీమా కంపెనీలన్నిటికీ సర్క్యులర్ ఇచ్చింది. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక వాహనం దొంగతనం కేసులో ఇదే చెప్పింది. ఆలస్యానికి సరైన కారణం ఉండి, క్లెయిమ్ నిజమని తేలాక, ఆ ఒక్క కారణంతో యాంత్రికంగా కొట్టేయడం తగదని తీర్పిచ్చింది. లారీ పోయినవాడికి వర్తించే మాట చెయ్యి విరిగిన పిల్లవాడికి వర్తించదా? ప్రమాదం జరగలేదని మీరు ఎక్కడా అనలేదు. ఎక్స్‌రేలు అబద్ధమనీ అనలేదు.

ఈ కారణాలు చెప్పడానికి ముందు మీ ఆఫీసు మమ్మల్ని నెలకు పైగా తిప్పింది. ముందు ఒరిజినల్ బిల్లులు అన్నారు, ఇచ్చాం. తర్వాత ఎఫ్‌ఐఆర్ అన్నారు. జారుడుబండ మీద నుంచి పడితే ఎవరి మీద కేసు పెట్టాలో చెప్పమని అడిగితే జవాబు లేదు. తర్వాత ఆ రోజు హాజరు పట్టీ నకలు అన్నారు, అదీ తెచ్చి ఇచ్చాం. ప్రతిసారీ నేను మిషన్ ఆపుకోవాలి, మా ఆయన ఆటో ఆపుకోవాలి.

మీ కాల్ సెంటర్ అమ్మాయి నాతో మర్యాదగానే మాట్లాడింది. కానీ ఆమె చేత మీరు చెప్పిస్తున్న మాట తప్పు. "పాలసీదారు స్కూలే మేడమ్, మీరు స్కూల్‌తోనే మాట్లాడుకోవాలి" అంది. స్కూలుకు వెళ్తే ప్రిన్సిపాల్ గారు "ఇన్సూరెన్స్ ఉంది కదమ్మా, కంపెనీ ఇస్తుంది" అన్నారు. ఇద్దరూ చేతులు దులుపుకుంటే మధ్యలో మా బిడ్డ ఎక్కడికి పోవాలి? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో ఆ సేవ పొందాల్సిన లబ్ధిదారు కూడా వినియోగదారుడే. ఇక్కడ కట్టింది మేము, లబ్ధిదారు మా వాడు. మీరు మాతో మాట్లాడాల్సిందే.

స్కూలును నేను వదిలేస్తున్నానని అనుకోవద్దు. ఊడిన మెట్టు సంగతి వేరే ఉత్తరంగా మండల విద్యాధికారికి ఇచ్చాను. పిల్లలు స్కూల్లో ఉన్నంతసేపూ వాళ్ల భద్రతకు యాజమాన్యానిదే జవాబుదారీ అని కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూలు వాళ్లు విహారయాత్రకు తీసుకెళ్తే బియాస్ నదిలో 14 మంది పిల్లలు మునిగిపోయిన కేసులో, ఒక్కో బిడ్డ తల్లిదండ్రులకు 5 లక్షలు ఇవ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. స్కూలు తప్పు ఎంత, దానికి వాళ్లు ఏం ఇవ్వాలి అన్నది మేమూ వాళ్లూ తేల్చుకుంటాం. అది తేలేదాకా మీరు ఆగనక్కర్లేదు. ప్రమాద బీమా ఉన్నది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. తప్పు ఎవరిదైనా, అసలు ఎవరి తప్పూ లేకపోయినా, దెబ్బ తగిలిన బిడ్డ వైద్యం అప్పుల పాలు కాకుండా ఉండడానికే మా దగ్గర ఏటా 350 తీసుకున్నారు.

మేం పెట్టిన ఖర్చు ఇది. ఎక్స్‌రేలు, ముందస్తు పరీక్షలకు రూ. 2,350. ఆపరేషన్, వార్డు, మత్తు అన్నీ కలిపి రూ. 46,000. మందులకు రూ. 6,890. ఆగస్టు 19న తీగలు తీయడానికి, మళ్లీ ఎక్స్‌రేలకు రూ. 4,500. మోచెయ్యి బిగుసుకుపోతే పది సిట్టింగులు ఫిజియోథెరపీకి రూ. 2,000. మొత్తం రూ. 61,740. దీనికోసం నా గొలుసు బ్యాంకులో పెట్టి 60,000 తెచ్చాం. ఆ వడ్డీ ఇప్పటికీ నడుస్తోంది. నెల్లూరు రానూపోనూ బస్సు ఖర్చులు, మా పనులు పోయిన రోజులు నేను లెక్క వేయలేదు, మిమ్మల్ని అడగడమూ లేదు.

నేను అడుగుతున్నది పాలసీలో ఉన్న పరిమితి రూ. 50,000 మాత్రమే. దానితోపాటు, కాగితాలన్నీ అందినా మీరు ఆపి ఉంచిన కాలానికి నియమాల ప్రకారం రావాల్సిన వడ్డీ. మా అబ్బాయి పేరు మీద బీమా సర్టిఫికెట్, పూర్తి షరతులతో, వీలైతే తెలుగులో. ఆ స్కూల్లో మీ బీమా కింద ఉన్న మిగతా పిల్లల తల్లిదండ్రులకు కూడా అవే కాగితాలు పంపండి. ఏడు రోజుల గడువు ఉందని వాళ్లలో ఎవరికీ తెలియదు. నేను వాకబు చేశాను. వాళ్ల పిల్లలూ ఆ ఆటస్థలంలోనే ఆడుకుంటారు.

ఈ ఫిర్యాదు మీకు అందిన 14 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేస్తాను. అందుకు 155255 నంబరు కూడా ఉందని తెలుసుకున్నాను. నెల దాటినా తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. అక్కడా కాకపోతే మేముంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇవన్నీ రాస్తున్నది మిమ్మల్ని బెదిరించాలని కాదు. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. ఈ మూడు నెలల్లో రాత్రిళ్లు కూర్చుని ఒక్కొక్కటీ తెలుసుకున్నాను. మీరు మళ్లీ "స్కూల్‌తో మాట్లాడుకోండి" అంటే ఈసారి ఎటు వెళ్లాలో నాకు తెలుసు అని మీకు చెప్పడానికి.

క్లెయిమ్ నంబరు, పాలసీ నంబరు జత కాగితం మీద ఉన్నాయి. ఫీజు రసీదులు, మీరు పంపిన కాగితం, స్కూలు స్టాంపుతో నా ఉత్తరం, మెట్టు ఫొటో, డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు గారి ఉత్తరం, బిల్లుల నకళ్లు అన్నీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. డబ్బు పోయినసారి ఇచ్చిన బ్యాంకు ఖాతాకే వేయండి.

మా వాడు ఇప్పుడు సున్నా చుట్టగలుగుతున్నాడు. మోచెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా చాచలేడు. ఇంకో నెల ఫిజియోథెరపీ కావాలన్నారు.

ఇట్లు,
పాలసీలో మీ దగ్గర పేరున్న రెండో తరగతి బాబు తల్లి.