పక్క మంచం అప్పకి

అందరికీ వందనాలు.

నాన్నని నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. పక్షవాతంతో పందొమ్మిది రోజులు అక్కడే. కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు, కాలు కాస్త కదుపుతున్నారు, జావ మింగుతున్నారు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. ఇప్పుడు రాత్రి రెండు దాటింది. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలన్నారు, లేకపోతే వీపు పుండ్లు పడుతుందట. మళ్ళీ నాలుగింటికి అలారం. ఈలోపు పడుకుంటే లేవలేనేమోనని భయం, అందుకే ఫోను పట్టుకుని కూర్చున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మా ఆయనకీ పిల్లలకీ అత్తయ్యకీ థాంక్స్ చెబితే "ఇదేంటి కొత్తగా" అంటారు. వాళ్ళ సంగతి ఇంతటితో వదిలేస్తున్నా.

నేను రాయాలనుకున్నది పక్క మంచం ఆవిడ గురించి. పేరు రాయొద్దంది. ఒకసారి ఫోటో తీస్తానంటే కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకుంది. సరే, పేరు లేకుండానే. అప్ప అంటే మా వైపు అక్క.

పెదజాలరిపేట మనిషి. భర్తకీ నాన్నకొచ్చిన జబ్బే, పక్షవాతం. ఆయనకి యాభై కూడా లేవు. మేం చేరేటప్పటికే వాళ్ళొచ్చి వారమైంది. రెండు మంచాల మధ్య జానెడు చోటు. ఆ చోట్లో ఆవిడ సంచి, దాన్నిండా ఎండు నెత్తళ్ళు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు కదా, ఆ రోజుల్లో ఆవిడకి ఎండుచేపలే ఆధారం. పొద్దున్నే చెల్లెల్ని భర్త దగ్గర కూర్చోబెట్టి, పూర్ణా మార్కెట్ వైపు నాలుగు వీధులు తిరిగి అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేసేది. మిగిలిన సరుకు మంచం కింద.

నేనేం చేశానో కూడా రాయాలి, లేకపోతే ఇది రాసి లాభం లేదు. రెండో రోజు ఆ సంచిని కాలితో పక్కకి తోశాను. "ఇది బయట పెట్టుకోవచ్చు కదా, ఇక్కడ పేషెంట్లున్నారు" అన్నాను. అప్పుడు నా ఒళ్ళో బైబిలు ఉంది. ఆవిడ మారుమాట్లాడకుండా సంచి తీసుకెళ్ళి వరండాలో కిటికీ కింద పెట్టింది. తెల్లారేసరికి సగం పిల్లులు లాగేశాయి. దానికీ ఏమీ అనలేదు.

పద్నాలుగేళ్ళ నుంచి సండే స్కూల్లో చెప్తున్నాను నేను. యేసు చెప్పిన మంచి సమరయుడి కథ ఏడాదికి రెండుసార్లైనా చెప్పి ఉంటాను. చార్టు మీద గాడిద బొమ్మ కూడా నేను గీసిందే. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి గుడి యాజకుడు పక్కనుంచి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడూ పోయాడు, యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు ఆగాడు. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, పూటకూళ్ళవాడికి రెండు దేనారాలిచ్చి చూసుకోమన్నాడు. దేనారం అంటే ఒకరోజు కూలి, మీ నాన్న రెండు రోజుల కూలి దారిన పోయేవాడికి ఇచ్చేస్తే మీ అమ్మ ఊరుకుంటుందా అని పిల్లల్ని నవ్విస్తాను. పొరుగువాడెవడని యేసుని అడిగిన ఆ ధర్మశాస్త్రం చెప్పే శాస్త్రిగారు చివరికి కూడా "సమరయుడు" అనే మాట నోటితో అనలేక "జాలిపడినవాడే" అని తప్పించుకున్నాడు చూడండి అని పెద్దవాళ్ళకి చెప్తాను. ఈ కథ ఉన్న లూకా సువార్తని మన విశాఖలోనే తెలుగు చేశారు, 1805లో వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్, వాళ్ళకి సాయపడిన ఆనందరాయర్ మొదలుపెట్టిన పని 1812లో సేరంపూర్‌లో అచ్చయిందని గొప్పగా చెప్పేదాన్ని కూడా నేనే. ఇంత చెప్పేదాన్ని ఎండు నెత్తళ్ళ సంచి దగ్గర దొరికిపోయాను. మొదటి ఐదు రోజులూ ఆవిడ పేరు కూడా అడగలేదు.

నాలుగో రాత్రి ఒంటిగంటకి ఏవో ఇంజెక్షన్లు బయటనుంచి తెమ్మన్నారు. లోపల స్టాకు లేదట. లోపల ఎందుకుండదో ఎవరూ చెప్పరు, గేటు ఎదురుగా షాపులో మాత్రం ఏ అర్ధరాత్రి వెళ్ళినా ఉంటుంది. ఆరు వందల చిల్లర. మా ఆయన ఊళ్ళో లేరు ఆ రోజు. ఫోన్లో డబ్బులున్నాయి గానీ కొడితే తిరుగుతూనే ఉంది, వెళ్ళడం లేదు. నేను మెట్ల దగ్గర నిలబడి ఎవరికి ఫోన్ చెయ్యాలా అని ఏడుపు ఆపుకుంటున్నా. ఆవిడ వెనకే వచ్చింది. బొడ్లోంచి చిన్న గుడ్డసంచి తీసింది. వందలు, యాభైలు, ఉప్పు తేమకి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వేలు నాలిక్కి తడిచేసుకుని ఒక్కోటి విడదీసి లెక్కపెట్టింది. ఆరు వందల యాభై. "ముందు మందు తెచ్చీ. నెక్కలు తరవాత సూసుకుందాం" అంది.

వేట లేని రోజులు, మొగుడు మంచం మీద, సగం సరుకు పిల్లుల పాలు. అది ఎన్ని రోజుల కూలో ఆవిడకే తెలియాలి. షాపతను ఆ నోట్లు పట్టుకుని వాసనకి మొహం చిట్లించాడు. రెండు రోజుల ముందు నా మొహం కూడా అచ్చం అలాగే ఉండి ఉంటుంది.

డబ్బు మర్నాడే ఇచ్చేశాను. చూడకుండానే బొడ్లో దోపుకుంది.

ఇక అసలు సంగతి. నాకూ అన్నయ్యకీ ఆరేళ్ళుగా మాటల్లేవని మా సంఘంలో అందరికీ తెలుసు. పెందుర్తి దగ్గర నాన్న కొన్న 120 గజాల స్థలం. వివరాలొద్దు. అన్నయ్య అనకాపల్లి వెళ్ళిపోయాడు, చర్చి కూడా మారిపోయాడు. నేను మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు అని మత్తయి 5లో ఉంటుంది. ఆ భాగం మీద ప్రసంగం అని తెలిస్తే, ఆ వారం నేను సండే స్కూలు గదిలో రంగు కాగితాలు కత్తిరిస్తూ ఉండిపోయేదాన్ని. నిజం.

ఒకసారి క్లాసులో ఒక బాబు, ఎన్నిసార్లు క్షమించాలో యేసు చెప్పిన మాట చదివి, "డెబ్బది ఏళ్ళ మారులు అంటే డెబ్బై సంవత్సరాలు క్షమించాలా టీచర్?" అని అడిగాడు. కాదమ్మా, ఏళ్ళంటే ఇక్కడ ఏడులు, డెబ్బై ఏడులు నాలుగు వందల తొంభై అని బోర్డు మీద వేశాను. ఆ వెంటే వచ్చే కథలో అప్పు కూడా లెక్క కట్టించాను. రాజు ఒక దాసుడికి వదిలేసిన అప్పు పదివేల తలాంతులు, ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారాలు, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఆ దాసుడే బయటికొచ్చి తోటి దాసుడి గొంతు పట్టుకుంది నూరు రోజుల కూలికి. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. నా లెక్క మాత్రం 120 గజాల దగ్గరే ఆగిపోయింది.

తొమ్మిదో రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. నేల మీద, తల మంచం కోడుకి ఆనించి. నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే నాన్న కింద దుప్పటి మాది కాదు. నీలం గళ్ళది. ఒంటి మీద పంచె కూడా మార్చి ఉంది. మా దుప్పటి వరండా కమ్మీ మీద నీళ్ళు కారుతోంది. నన్ను లేపకుండా, ఆయన పాడు చేసుకున్నదంతా తీసి, తుడిచి, ఉతికి ఆరేసింది. నేను కూతుర్ని. ముక్కుకి గుడ్డ కట్టుకుని చేసేదాన్ని ఆ పని.

ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నా. ఆవిడే అడిగింది.

"నీకు అన్న ఉన్నాడేటి?"

"ఎందుకు?"

"ముసిలాయన రేతిరేల 'పెద్దోడా, పెద్దోడా' అని పిలుత్తన్నాడు. నువ్వు తొంగున్నప్పుడు. మూడు రోజుల్నుంచీ."

నాన్నకి మాట పూర్తిగా పోయిందనుకున్నాం మేం. పగలంతా మూలుగే. అన్ని మాటలూ పోయి ఆ ఒక్క పిలుపు మిగిలిందని మాకు తెలియదు, ఆవిడకి తెలుసు.

"మరి నువ్వేం చేశావు?" అన్నాను.

"సెయ్యట్టుకుని 'ఓయ్ నాన్నా, ఇక్కడే ఉన్నాను' అనీదాన్ని. ఆడగొంతయితే కనిపెట్టీత్తాడని కాసింత గొంతు లావు సేసీదాన్ని. తొంగునీవోడు."

అలా లావు చేసి ఒకసారి అని చూపించింది కూడా. నవ్వొచ్చింది ముందు. తర్వాత వరండాలోకి వెళ్ళి, ఆ తడి దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పద్నాలుగేళ్ళ పాఠాలూ ఆ కమ్మీ దగ్గర రాలిపోయాయి. నాలుగూ ఇరవైకి అన్నయ్యకి ఫోన్ చేశాను. నంబరు ఇంకా నోటికి వచ్చు. ఎత్తి "చెప్పు" అన్నాడు. "నాన్న నిన్ను పిలుస్తున్నారు" అన్నాను. ఇంకేం అనలేదు ఇద్దరం.

ఆరింటికల్లా వచ్చేశాడు, హెల్మెట్ తియ్యకుండానే వార్డులోకి. నాన్న ఎడమ చేత్తో వాడి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. అన్నయ్య నాకేసి చూసి "టీ తాగావా?" అన్నాడు. అక్కణ్ణుంచి రాత్రి డ్యూటీలన్నీ వాడివే. ఇది చదివి మా గొడవ తీరిపోయిందనుకోకండి. కాగితాలు ఇంకా లాయరు దగ్గరే ఉన్నాయి, వదిన ఇంకా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదనుకోండి.

ఆ మధ్యాహ్నం ఆవిడకి చెప్పాను, "నీ సంచి నేను కాలితో తోశాను అప్పా" అని. "తెలుసును. వాసన కొడతాది మరి, మాకంటే అలవాటు" అని, కుంకుమ పొట్లం విప్పి తన భర్త నుదుట పెట్టింది. కరకచెట్టు పోలమాంబ కుంకుమ. నాన్నకీ పెట్టనా అన్నట్టు చూసి, మా గోడ మేకుకి తగిలించిన సిలువ చూసి, వేలు తన నుదుటికే తుడుచుకుంది. ఆ మర్యాద మా వాళ్ళలో ఎంతమందికి ఉంది?

ఎందుకంటున్నానంటే, మనవాళ్ళే ఒకరు వచ్చి, ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ "ఇంట్లో ఏదో పాపం ఉంటేనే ఇలాంటివి వస్తాయి" అన్నారు. పేరు రాయను, ఇది చదువుతారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులే అడిగితే, వీడిదీ కాదు వీణ్ణి కన్నవాళ్ళదీ కాదు అన్నాడు ప్రభువు. యోహాను 9. ఈసారి వచ్చేటప్పుడు అది చదువుకుని, ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు తెండి చాలు.

ఆసుపత్రి పేరు కూడా రాయను. డాక్టర్లు బాగానే చూశారు, అబద్ధం ఆడకూడదు. కానీ గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలట. మేం గంటన్నరలో గేటు దగ్గరున్నాం. అక్కణ్ణుంచి స్కానింగ్ దాకా పోయిన టైము ఎవరు లెక్క చెప్తారు? స్ట్రెచర్ తోసినందుకు రెండు వందలు, ముందు ఇవ్వనన్నందుకు చీవాట్లు. కౌంటర్లో ఒక కార్డులో పేరుకీ ఇంకో కార్డులో పేరుకీ ఒక్క అక్షరం తేడా అని రెండు రోజులు తిప్పారు. మన చర్చిలో పిలిచే పేరు వేరే, కాగితాల పేరు వేరే, అది ఇంకో తంటా. పాపం సంఘపెద్ద ఒకాయన చర్చిలో పిలిచే పేరుతో నాన్న కోసం వాకబు చేస్తూ మూడు వార్డులు తిరిగి, మాకు తేవలసిన ఇడ్లీలు మెట్ల మీద ఆయనే తిని వెళ్ళారు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఉదయం దాకా చూద్దాం అనుకోకండి, వెంటనే పరుగెత్తండి. ఇంతే చెప్పగలను.

నిన్న డిశ్చార్జి కాగితం పన్నెండింటికి ఇస్తామని నాలుగింటికి ఇచ్చారు. ఇచ్చాక ఐదు నిమిషాల్లో మంచం ఖాళీ చెయ్యమన్నారు. అప్ప ఆ టైములో మందుల చీటీ పట్టుకుని ఎక్కడో లైన్లో ఉంది. చెప్పకుండానే వచ్చేశాం. యేసు పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేస్తే థాంక్స్ చెప్పడానికి ఒక్కడే వెనక్కి తిరిగొచ్చాడు, వాడూ సమరయుడే. ఆటో కంచరపాలెం దాటాక గుర్తొచ్చింది నాకు, నేను మిగతా తొమ్మండుగురిలో ఉన్నానని.

అయ్యో, మర్చిపోయినవాళ్ళు: 108లో వచ్చిన ఇద్దరు బాబులు. పక్కకి ఎలా తిప్పాలో నాలుగుసార్లు విసుక్కోకుండా చూపించిన రాత్రి సిస్టర్, కేరళ అమ్మాయి. వేళ్ళు ఎలా మసాజ్ చెయ్యాలో నేర్పిన ఫిజియోథెరపీ స్టూడెంట్. మా మొక్కలకి నీళ్ళు పోసిన ఎదురింటి భాస్కరమ్మ... కాదు, ఆవిడకి పేరు రాస్తే కోపం, ఎదురింటి పిన్నిగారు. రంగు పెన్సిళ్ళతో తాతయ్యకి కార్డులు రాసి పంపిన సండే స్కూలు పిల్లలు. ఒక కార్డులో గాడిద ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయ్, తొమ్మిది దాటినా క్యారేజీ లోపలికి వదిలినందుకు.

ఇంకోటి. సామాన్లు విప్పుతుంటే ఆ నీలం గళ్ళ దుప్పటి మాతో వచ్చేసింది. ఉతికి డాబా మీద ఆరేశాను. అన్నయ్య రేపు బండి మీద వస్తానన్నాడు, ఇద్దరం వెళ్ళి ఇచ్చి రావాలి. నాలుగవుతోంది, నాన్నని తిప్పాలి.