నా ఖాతాను దొంగకి అప్పగించింది మీ సిబ్బందే

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

ఈ విషయం మీద మీకు రాయడం ఇది ఐదోసారి. ముందు నాలుగుసార్లూ ‘మీ ఫిర్యాదు అందింది’ అనే ఆటోమేటిక్ జవాబు తప్ప ఇంకేమీ రాలేదు.

ఎవరో నా పేరు చెప్పి మీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి, పాత నంబరు పోయిందన్నారట. మీవాళ్లు వెంటనే మీ షాపింగ్ యాప్‌లో నా ఖాతాకున్న ఫోన్ నంబరూ ఈమెయిలూ మార్చేశారు. వాలెట్‌లో నేను దాచుకున్న డబ్బంతా ఒక్క ఆర్డర్‌తో, నేనెప్పుడూ వినని అడ్రస్‌కి వెళ్లిపోయింది.

డబ్బు పోయిన బాధ కంటే ఆ తర్వాత మీవాళ్లు తిప్పిన తిప్పలే ఎక్కువ. మొదటి ఏజెంట్ ‘మీరే కదా సార్, ఫోన్ చేసి మార్పించుకున్నారు’ అన్నారు. రెండో ఆయన, రికార్డులో ఉన్న నంబరు నుంచి చేస్తేనే మాట్లాడతామన్నారు. ఆ నంబరు ఇప్పుడు దొంగది! మూడో ఆయన ఇరవై నిమిషాలు లైన్‌లో ఉంచి కాల్ కట్ చేశారు. నాలుగో ఆవిడ నేను మాట్లాడుతున్న ఫోన్‌కే ఓటీపీ పంపి, అది చదవమన్నారు. ఆ మెసేజ్‌లోనే ‘ఈ కోడ్ ఎవరికీ చెప్పకండి, మా సిబ్బంది కూడా అడగరు’ అని ఉంది. మీ సిబ్బందే ఇలా అడిగితే, రేపు మోసగాడు అడిగినప్పుడు కస్టమర్ ఎలా గుర్తుపడతాడు?

ఐదో అమ్మాయి ఒక్కతే ఓపిగ్గా విన్నది. కాల్ ఎక్కువసేపు సాగితే తమకి మార్కులు తగ్గుతాయని, ఇలాంటివి ఎలా పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదని చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. నేర్పాల్సింది మీరు. నంబరు మార్చమని అడిగితే ముందు పాత నంబరుకి, పాత ఈమెయిల్‌కి కబురు పెట్టాలి. మార్చిన వెంటనే కొత్త అడ్రస్‌కి పెద్ద ఆర్డర్ పడితే ఆపి చూడాలి. అవతలి మనిషి ఎంత తొందరపెట్టినా, ఏడ్చినా, అరిచినా ‘కుదరదు’ అనే ధైర్యం ఏజెంట్‌కి ఉండాలి. అలా అన్నందుకు మార్కులు కోయకూడదు.

ఎనిమిదేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. మా ఇంట్లోవాళ్లకీ మీ యాప్ నేనే అలవాటు చేశాను. ఆ మాటకైనా విలువ ఇచ్చి ఒక్క మనిషి నాకు ఫోన్ చేయలేదు.

నా డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ రోజు కాల్ రికార్డింగ్ చెరిపేయకండి, పోలీసులకి అది కావాలి. వారంలోగా పేరున్న మనిషి నుంచి జవాబు రాకపోతే సైబర్ క్రైమ్ ఫిర్యాదులో మీ సంస్థ పేరు కూడా రాస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్